టిప్పర్లతో ఊరి రోడ్డు పోతోంది, ఖర్చు ఎవరిది?

పాకాల రైతు:
అందరికీ నమస్కారం. మాది పాకాల మండలం, హైవే దిగి లోపలికి రావాలి. పీఎంజీఎస్‌వై (ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన) కింద వేసిన తారు రోడ్డు. గుట్ట దగ్గర క్వారీ మొదలయ్యాక పది చక్రాల టిప్పర్లు రాత్రీపగలూ తిరుగుతున్నాయి. కల్వర్టు మలుపులో తారు లేచిపోయింది, టైర్లు నడిచే చోట రెండు గాడులు పడి నీళ్లు నిలుస్తున్నాయి. అడిగితే "మేం ట్యాక్సులు కట్టట్లేదా" అంటున్నారు. మా కుర్రాళ్లేమో అడ్డంగా ఇనుప కమ్మీ పెడదామని కొందరు, ట్రిప్పుకింత వసూలు చేద్దామని కొందరు. ఏం చేయమంటారు?

టిప్పర్ ఓనర్, చిత్తూరు:
అన్నా, మా బాధ కూడా వినండి. క్వార్టర్లీ ట్యాక్స్, పర్మిట్, ఇన్సూరెన్స్, హైవే ఎక్కితే టోల్, డీజిల్ మీద కేంద్రం సెస్సు, పైన 2020లో రాష్ట్రం వేసిన లీటరుకు రూపాయి. ఇన్ని కట్టాక ఊరి రోడ్డుకూ మేమే ఇవ్వాలా? లోడు తగ్గిస్తే కిరాయి గిట్టదు, క్రషర్ (కంకర మిషన్) వాళ్లు ఇచ్చేది టన్ను లెక్కన.

రోడ్డు పనుల్లో ఉన్నా, తిరుపతి:
ఇద్దరూ చెప్పేది నిజమే. తేడా ఎక్కడొస్తోందంటే, మీరు సెస్సు కట్టేది లీటర్ల లెక్కన, టోల్ కట్టేది ఇరుసుల లెక్కన, రోడ్డు పాడయ్యేది మాత్రం ఒక్కో ఇరుసు మీద పడే బరువును బట్టి. అది కూడా బరువు పెరిగినంతే పెరగదు, దాదాపు నాలుగో ఘాతంలో, అంటే బరువు ఎన్ని రెట్లయితే ఆ అంకెను నాలుగుసార్లు వేసి గుణించినంత పెరుగుతుంది. 1958-60లో అమెరికాలోని ఇల్లినాయ్‌లో ఇందుకోసమే రోడ్లు వేసి, లారీలు తిప్పి తేల్చిన లెక్క ఇది, మన డిజైన్లు కూడా దీన్నే పట్టుకుని చేస్తారు. ఇరుసు మీద బరువు 20 శాతం ఎక్కువైతే దెబ్బ రెట్టింపు, ఒకటిన్నర రెట్లయితే ఐదింతలు. డీజిల్ ఖర్చు ఐదింతలు అవుతుందా? కాదు కదా. ఆ మిగిలిన ఖర్చే మీ కల్వర్టు మలుపులో కనిపిస్తోంది.

రోడ్డు లెక్కలో ప్రామాణిక ఇరుసు అంటే 8.16 టన్నులు. ఆరు చక్రాల లారీ వెనక ఇరుసుకి ఒకప్పుడు 10.2 టన్నుల దాకా అనుమతి ఉండేది, అంటే ఒక్కసారి పోతే రెండున్నర ప్రామాణిక ఇరుసులు పోయినట్టు. 2018లో దాన్ని 11.5 చేశారు, ఇప్పుడు దాదాపు నాలుగు. బరువు పెరిగింది 13 శాతమే, దెబ్బ 60 శాతం. ఇది చట్టప్రకారం పోయే బండి సంగతి! పాత రోడ్లను ఆ కొత్త బరువుకు తగ్గట్టు ఎవరూ మందం చేయలేదు. ట్రాక్టర్లు, పాల వ్యాన్లు, రోజుకు నాలుగు లారీలు అనుకుని వేసిన పల్లె రోడ్డు సంగతి ఇక చెప్పక్కర్లేదు. అక్కడ టోల్ ఉండదు, సెస్సు డబ్బు ఢిల్లీ, అమరావతి తిరిగి మీ ఊరిదాకా వచ్చేది అంతంతమాత్రం.

ఇక చేయాల్సింది. కమ్మీ పెట్టొద్దు, మీ మామిడి లారీలు, వరికోత మిషన్లు, ఆర్టీసీ బస్సు అన్నీ ఆగిపోతాయి. ట్రిప్పుకింత వసూలు చేయడం అసలే వద్దు, కేసు మీమీదే పడుతుంది. అడగాల్సింది డబ్బు కాదు, కాటా చీటీ. పది చక్రాల బండికి బండి, లోడు కలిపి మొత్తం 28.5 టన్నులు దాటకూడదు. దాటితే మోటారు వాహనాల చట్టం 194 సెక్షన్ కింద 20 వేలు, ఎక్కువైన ప్రతి టన్నుకీ ఇంకో 2 వేలు, పైగా అదనపు లోడు అక్కడే దింపించాలి. కాటాకి రానని పారిపోతే 40 వేలు. అనుమానం ఉంటే ముందు దారిలో 10 కిలోమీటర్లలోపు కాటా ఎక్కడున్నా బండిని తీసుకెళ్లమనే అధికారం బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌కి ఉంది. బండి నంబర్లు, టైము, ఫోటోలతో అర్జీ రాసి సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో ఇవ్వండి. ఒక కాపీ రవాణా శాఖకి, ఒకటి పంచాయతీరాజ్ ఇంజనీర్లకి.

రోడ్డు మొదట్లో పీఎంజీఎస్‌వై బోర్డు ఉంటుంది, పూర్తయిన తేదీ చూడండి. ఐదేళ్లు నిర్వహణ కాంట్రాక్టరుదే. గడువు దాటిపోయి ఉంటే జిల్లా మినరల్ ఫౌండేషన్ నిధుల కోసం అడగండి, గనుల వల్ల దెబ్బతిన్న ఊళ్లకు రోడ్లు వేయడానికీ అది వాడొచ్చు.

పాకాల రైతు:
బోర్డు మీద కంప పడి ఉంది, తీసి చూశాం. ఐదేళ్లు ఇంకా కాలేదు. కాంట్రాక్టరుకి ఫోన్ చేస్తే ఓవర్‌లోడ్ వల్ల పాడైతే నాకు సంబంధం లేదంటున్నాడు.

రోడ్డు పనుల్లో ఉన్నా, తిరుపతి:
ఆ మాటే కాగితం మీద రాసి ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) గారికి ఇవ్వమనండి. ఓవర్‌లోడ్ జరుగుతోందని కాంట్రాక్టరే రాసిస్తే మీ అర్జీకి అంతకన్నా బలం ఏముంది? ఈలోగా పక్క కాలువలు తీయించండి. నవంబరులో వాయుగుండం పడితే కింద మట్టి నానిపోతుంది, అప్పుడు చట్టప్రకారం లోడేసిన బండి కూడా రోడ్డును కుంగదీస్తుంది. వాన కురిసిన రెండు మూడు రోజులు టిప్పర్లు ఆపమని క్వారీ వాళ్లను పంచాయతీ తరఫున రాతపూర్వకంగా అడగండి.

టిప్పర్ ఓనర్, చిత్తూరు:
వాన రోజుల్లో ఆపడానికి మా వాళ్లు ఒప్పుకుంటారు, బండి దిగబడితే నష్టం మాకే. లోడు సంగతి మాత్రం క్రషర్ దగ్గరే తేల్చాలన్నా. అందరికీ ఒకే కాటా పెడితే నేనూ 28.5కే వేస్తా, నా ఒక్కడి బండే తగ్గిస్తే కిరాయి పక్కోడికి పోతుంది.