జపాన్ కొండల్లో ఒక కుటుంబం నడిపే తేయాకు తోట చూడాలంటే?

రాయగడ నుంచి ప్రశ్న:
మే మొదట్లో అమ్మతో క్యోటో వెళ్తున్నా. అక్కడికి దగ్గర్లోనే వజుకా కొండల్లో తేయాకు తోటలున్నాయట. కంపెనీ షోరూమ్ కాదు, ఇంటివాళ్లే చేసుకునే తోటా, ఆకు ఆరబెట్టే షెడ్డూ చూడాలి. ఆ రోజుల్లో రానిస్తారా? అమ్మ శాకాహారి.

జయపురం:
మంచి కాలమే. తొలి కోత ఏప్రిల్ చివర మొదలై మేలో జోరందుకుంటుంది. ఇంటిల్లిపాదికీ తీరికుండని రోజులు కూడా అవే కాబట్టి మెయిల్ పెట్టి, రమ్మన్నాకే వెళ్లండి. ఏప్రిల్ 29 నుంచి మే 5 దాకా అక్కడ వరస సెలవులు, రైళ్లూ గదులూ కిక్కిరిసిపోతాయి. వీలైతే 7 తర్వాత పెట్టుకోండి. వాన పడితే కోత ఆపేస్తారు, కోసిన ఆకుకి ముందు ఆవిరి పట్టిస్తారు, తడి ఆకుకి అది సమంగా పట్టదు. ఒక రోజు అదనంగా ఉంచుకోండి.

క్యోటోలో నారా లైను ఎక్కి, కిజులో మారి, కామోలో దిగితే వజుకా బస్సు దొరుకుతుంది. బస్సులు తక్కువ, తిరుగు బస్సు వేళ ముందే చూసుకోండి.

పర్లాకిమిడి:
షెడ్డులో ఆవిరి మిషను దగ్గర కాసేపు నిలబడండి. కోసిన ఆకు ఆ రోజే దాంట్లోకి వెళ్లాలి, లేకపోతే కుప్ప లోపల వేడెక్కి ఎర్రబడుతుంది. మామూలుగా అర నిమిషం ఆవిరి చాలు. దాంతో ఆకును ఎర్రబరిచే ఎంజైము చచ్చిపోతుంది, అందుకే ఆ టీ పచ్చగానే ఉంటుంది. నిమిషం దాటితే ఆకు మెత్తబడి పొడి ఎక్కువ రాలుతుంది, కషాయం చిక్కగా వస్తుంది. కొందరు కావాలనే అలా చేస్తారు. తర్వాత వేడిగాలిలో దశలవారీగా నలుపుతూ ఆరబెడతారు. చివరి మిషనులోంచి ఆకు సూదిలా సాగి బయటికొస్తుంది, తేమ 5 శాతం దగ్గరికి దిగుతుంది. కిలో టీకి నాలుగైదు కిలోల పచ్చాకు పడుతుంది.

నల్ల వల కప్పిన వరసలు కనిపిస్తే అది చాలావరకు మాచ్చా అనే మెత్తటి టీ పొడి కోసమే. కోతకి ముందు సుమారు మూడు వారాలు ఎండ తగ్గిస్తారు. ఆ ఆకును నలపరు, ఆరబెట్టి ఈనెలు తీసి తిరగలిలో విసురుతారు.

తేయాకు వాసన ఇట్టే పీల్చేస్తుంది. ఆ రోజు మల్లెపూలు, అత్తరు, ఘాటైన తలనూనె వద్దని అమ్మగారికి చెప్పండి.

కోరాపుట్:
రెండు మాటలు. ఇక్కడి కాఫీ తోటల్లో తిరిగిన బూట్లయితే అడుగు గాడుల్లోని మట్టి కూడా కడిగి ఆరబెట్టండి, జపాన్‌లోకి మట్టి తేవడం నిషేధం. ఇక భోజనం. తేయాకు టెంపురా (పిండిలో ముంచి నూనెలో వేయించే బజ్జీలాంటిది) పెడితే ఆకు శాకాహారమే గానీ, పక్కన పోసే పులుసులో ఎండుచేప రసం ఉంటుంది. ‘మాంసం వద్దు’ అంటే సరిపోదు, చేప రసం కూడా వద్దని మెయిల్లోనే రాయండి. ఉప్పు అడిగి నంజుకోవచ్చు.

రాయగడ నుంచి:
చాలా థాంక్స్ అండీ. అక్కడ కొన్న టీ ఇంట్లో చేదెక్కకుండా ఎలా కాయాలి?

పర్లాకిమిడి:
కాయకండి, చేదు మరిగే నీళ్లతోనే వస్తుంది. నీళ్లు 70–80 డిగ్రీలకి చల్లారాక ఇద్దరికి 6 గ్రాముల ఆకు, 180 మిల్లీలీటర్లు, ఒక నిమిషం. ఆఖరి చుక్క దాకా వంచేయండి, అడుగున నీళ్లు మిగిలితే రెండోసారి వగరొస్తుంది. విప్పని ప్యాకెట్లు ఫ్రిజ్‌లో పెట్టండి. బయటికి తీశాక చల్లదనం పూర్తిగా పోయేదాకా విప్పొద్దు, ఆకుకి చెమ్మ పట్టేస్తుంది.