60 సైజు మస్టాంగ్‌కి గాలి రిట్రాక్ట్‌లా, ఎలక్ట్రిక్‌వా?

బాల్సాబాబు:
60 సైజు (0.60 క్యూబిక్ అంగుళాల ఇంజన్ తరగతి) పి-51 మస్టాంగ్ రేడియో కంట్రోల్ మోడల్, బాల్సా (తేలిక చెక్క) కిట్ కడుతున్నా. రెక్కలో రిట్రాక్ట్‌లు (చక్రాల కాళ్ళను లోపలికి ముడిచే యంత్రాలు) కూర్చునే ప్లైవుడ్ పట్టీలు అతికించే దశకొచ్చింది, ఇక తేల్చుకోవాలి. తెలిసినాయన ఒకరు తన పాత గాలి సెట్టు ట్యాంకు, వాల్వుతో సహా సగం ధరకిస్తానంటున్నారు. మిగతావాళ్ళేమో "ఈ రోజుల్లో గాలేంటయ్యా" అని నవ్వుతున్నారు. మాది గడ్డి మైదానం. కారణాలతో చెప్పండి.

కరెంటోడు:
కళ్ళు మూసుకుని ఎలక్ట్రిక్ పెట్టేయండి. గాలి అంటే ట్యాంకు, నింపే వాల్వు, కంట్రోల్ వాల్వు, దాన్ని తోసే సర్వో (రేడియో సిగ్నల్‌కి కదిలే చిన్న మోటరు), టీ ఆకారపు జాయింట్లు, గొట్టాలు. ప్రతి జాయింటూ లీకయ్యే చోటే. ఎలక్ట్రిక్‌లో కాలుకో చిన్న మోటరు, స్క్రూ. తీగ రిసీవర్‌లో (రేడియో సిగ్నల్ అందుకునే పెట్టె) గుచ్చితే పని అయిపోయింది. ఎగిరే ముందు పంపు పట్టుకుని కూర్చునే బాధ లేదు.

పాతచేయి:
"గుచ్చితే అయిపోయింది" దగ్గరే ఉంది గొడవంతా. గడ్డి దుబ్బు తగిలి కాలు కాస్త వంగింది, లోపలికెళ్తూ మధ్యలో ఇరుక్కుంది అనుకోండి. మోటరు తిరగలేక కరెంటు లాగుతూనే ఉంటుంది. కంట్రోలర్ వెంటనే ఆపితే సరే, ఆపకపోతే? ఆ కరెంటు రిసీవర్ బ్యాటరీదే అయితే వోల్టేజి పడిపోయి రిసీవరే రీసెట్ అవుతుంది. చక్రం కోసం విమానం పోతుంది. గాలి అయిపోతే మహా అయితే పొట్ట మీద దిగుతుంది, ప్రొపెల్లర్ విరుగుతుంది. పైగా ముందే తెలుస్తుంది: రాత్రి 100 పీఎస్ఐ (గాలి ఒత్తిడి కొలత) నింపి వదిలేయండి, పొద్దున గేజీ చూడండి. మోటరు రేపు చస్తుందని ఏ గేజీ చెప్తుంది?

కరెంటోడు:
గురువుగారూ, రిసీవర్ బ్యాటరీతో నడపమని ఎవరన్నారు? రిట్రాక్ట్‌లకు విడిగా చిన్న బ్యాటరీ, రిసీవర్‌కి సిగ్నల్, గ్రౌండ్ మాత్రమే. ప్లగ్గులోంచి ఎర్ర (పవర్) తీగ పిన్ను లాగేసి టేపు చుడితే చాలు. బరువంటారా, మీ ట్యాంకు గాల్లో తేలుతుందా?

స్కేల్‌పిచ్చి:
మధ్యలో ఒక మాట. యాక్-52 ట్రైనర్‌లో కాళ్ళు, ఫ్లాపులు, బ్రేకులు, చివరికి ఇంజన్ స్టార్టింగూ గాలితోనే. కాళ్ళు ముడిచినా చక్రాలు బయటే ఉంటాయి, పొట్ట మీద దిగినా పెద్ద నష్టం లేకుండా. స్పిట్‌ఫైర్‌ది హైడ్రాలిక్, అది మొరాయిస్తే కాళ్ళు దించడానికి కార్బన్ డయాక్సైడ్ సీసా పెట్టారు. అంటే ఫెయిలైతే ఏంటన్నది ముందే ఆలోచించారు. మోడల్స్‌లో ఆ పని చేసేది స్ప్రింగు రకం: గాలి కాళ్ళను పైకి లాగుతుంది, గాలి పోతే స్ప్రింగు కిందికి తోస్తుంది. దాని గురించి ఇద్దరూ మాట్లాడరేం?

పాతచేయి:
బరువైన కాళ్ళకి ఆ స్ప్రింగు చాలదు. 60 సైజుకి పనికొస్తుంది, ఒప్పుకుంటా. మస్టాంగ్ కాళ్ళు పక్కకి తెరుచుకుంటాయి కాబట్టి ఎదురుగాలి పెద్దగా అడ్డుపడదు.

బాల్సాబాబు:
సరే, గాలే పెట్టాననుకోండి. రెక్క విప్పి కారులో పెట్టుకోవాలి కదా, గొట్టాలెలా? మా ఎండలకి ట్యాంకు పేలదు కదా?

పాతచేయి:
పైకి ఒక రంగు గొట్టం, కిందికి ఇంకో రంగు. రెక్క కలిసే చోట విడదీసే కనెక్టర్లు పెట్టండి, గొట్టం అక్కడ మడత పడనంత పొడవుంచండి. కొత్త బ్లేడుతో చివర నిటారుగా కోయాలి. కత్తెరతో కోస్తే అంచు నలిగి అక్కడే లీకు మొదలవుతుంది. తర్వాత సబ్బు నీళ్ళు రాసి బుడగలు చూడండి. వాల్వు సర్వోకి ట్రాన్స్‌మిటర్‌లో ఎండ్ పాయింట్లు (సర్వో ఎంతవరకు తిరగాలన్న హద్దులు) సరిచేయండి: వాల్వు రెండు చివరలకీ పూర్తిగా చేరాలి, సర్వో మాత్రం గుయ్యిమనకూడదు. రిసీవర్‌ని ఫోమ్‌లో చుట్టండి. 2.4 గిగాహెర్ట్జ్ సెట్టుకి యాంటెన్నాలు రెండుంటే ఒకదానికొకటి 90 డిగ్రీల్లో ఉండాలి, లోహపు ట్యాంకుకీ కార్బన్ రాడ్లకీ దూరంగా.

ఎండ సంగతి: 25 డిగ్రీల్లో 100 నింపిన ట్యాంకు 45 డిగ్రీలకి చేరితే గేజీ 108 దగ్గర చూపిస్తుంది. మంచి ట్యాంకుకి అదో లెక్క కాదు. అయినా మూసిన కారులో నింపి వదిలేయకండి.

కరెంటోడు:
ఇంత తతంగం చదివాక కూడా గాలే అంటారా? కనీసం ఆ సగం ధరాయన్ని అడగండి, ఓ-రింగులు (లీకు ఆపే రబ్బరు వలయాలు) మార్చి ఎన్నేళ్ళయిందో.

బాల్సాబాబు:
అడిగా. "కొన్నప్పటివే" అన్నారు.

పాతచేయి:
అయితే బేరం ఇంకాస్త తగ్గించండి. సిలిండర్లు విప్పి అన్నీ మార్చి, సిలికాన్ నూనె ఒక చుక్క వేసి, రాత్రి గేజీ పరీక్ష పెట్టండి. అది తేలేవరకు రెక్క పైషీటు అతికించొద్దు.