నీతిమంతుడుగా "తీర్చబడడు": ఇక్కడ తీర్చడమంటే ఏమిటి?

పర్లాకిమిడి నుంచి:
బైబిల్లోని ఒక వాక్యం కొన్నాళ్లుగా నోట్లో నానుతోంది. "విశ్వాసమువలననేగాని ధర్మశాస్త్ర సంబంధమైన క్రియలమూలమున నీతిమంతుడుగా..." ఆ తర్వాత "ఎంచబడడు" అనా, "తీర్చబడడు" అనా? మా నాయనమ్మ "ఎంచబడడు" అనే చదివేది. చెవికమ్మలు తియ్యలేదని ఒక సంఘంలో ఆవిడని ప్రభు భోజన సంస్కారం వరుసలోంచి లేపేశారు. ఇంటికొచ్చి, కమ్మలు చెవులకే ఉంచుకుని, ఈ వాక్యం కింద పెన్సిల్‌తో రెండు గీతలు గీసింది. ఆ బైబిలు మా చిన్నాన్నగారింట్లో ఉండిపోయింది.

బరంపురం మాస్టారు:
పౌలు రాసిన గలతీ పత్రిక, 2:16. ధర్మశాస్త్రమంటే ఇక్కడ మోషే నియమాలు. "తీర్చబడడు", అనుమానం లేదు. "ఎంచబడెను" రోమా 4:3లోది, అబ్రాహాము నమ్మిక గురించి. మీ నాయనమ్మగారు రెండూ కలిపి ఉంటారు. అసలు చిక్కు ఆ "తీర్చ"లో ఉంది. తగవు తీర్చడంలోని తీర్చడమే ఇది. తీర్పు అన్నమాట. కమ్మలు చూసి సంఘ పెద్దలు చెప్పే తీర్పు కాదు, దేవుడు చెప్పేది.

రాయగడ నుంచి:
మాస్టారూ, ఏమీ అనుకోకండి, నేనొప్పుకోను. ముగ్గు తీర్చడం ఉంది, తీర్చిదిద్దడం ఉంది. తీర్పే అయితే "నీతిమంతుడని" అనేవారు. ఇక్కడ "నీతిమంతుడుగా" అని ఉంది. ఆ "గా" చూడండి. యాకోబు పత్రిక 2:21లో తీర్పు కావలసి వస్తే "నీతిమంతుడని తీర్పు పొందలేదా" అన్నారు, "అని" వేశారు. పౌలు దగ్గర "గా" వేశారంటే మనిషి మారుతున్నాడనే.

బరంపురం మాస్టారు:
"దొంగగా ముద్ర వేశారు" అంటాం. అంతమాత్రాన వాడు దొంగయిపోయాడా? గ్రీకులో గలతీ 2:16కీ యాకోబు 2:21కీ క్రియ ఒకటే, దికయోఓ. న్యాయస్థానం మాట. యాకోబు 2:24లో అదే క్రియకు మనవాళ్లు "నీతిమంతుడని యెంచబడును" అని పెట్టారు, అంటే నాయనమ్మగారి పాఠానికీ ఆధారం ఉంది. కేథలిక్కులూ లూథరన్లూ ఈ ఒక్క క్రియ మీద నాలుగు వందల ఏళ్లకు పైగా వాదించుకుని, 1999 అక్టోబరు 31న ఆగ్స్‌బర్గ్‌లో ఉమ్మడి ప్రకటన మీద సంతకాలు పెట్టారు. మనం ఒక్క సాయంత్రంలో తేల్చేస్తామా!

జయపురం నుంచి:
మా జయపురం సంఘానికి మూలం 1882లో వచ్చిన జర్మన్ లూథరన్ మిషన్, కాబట్టి నన్నూ ఒక మాట అననివ్వండి. అప్పు తీర్చడం ఎవరికీ గుర్తు రాలేదేం?

రాయగడ నుంచి:
అప్పు తీరుతుందమ్మా, మనిషి తీరడు. "నేను తీర్చబడ్డాను" అంటే అప్పు నేనే అవ్వాలి.

జయపురం నుంచి:
వ్యాకరణంలో మీదే గెలుపు. కానీ నేను ప్రార్థనలో కూర్చుంటే మనసులో మెదిలేది ఆ అర్థమే. శుక్రవారం ఉపవాసం, దశమభాగం, తెల్లచీర, అన్నీ పాటిస్తాను. వాటిని వాయిదాలు కట్టినట్టు కట్టుకుంటూ వచ్చినన్నాళ్లూ ఒకటే టెన్షన్, ఈ నెలది సరిపోయిందో లేదో అని. అప్పు సిలువ మీదే తీరిపోయిందని నమ్మాక ఉపవాసం మానలేదు, భయపడడం మానేశాను.

పర్లాకిమిడి నుంచి:
"ఆత్మశుద్ధి లేని ఆచారమదియేల" అని వేమన అన్నదీ ఇదే కదా?

రాయగడ నుంచి:
ఇది కాదు. వేమన శుద్ధి ముందు తెచ్చుకో, ఆ తర్వాతే పూజ అంటాడు. భాండం తోముకోవలసింది వండేవాడే. పౌలు ఆ తోముకోవడమే నీ వల్ల కాదంటాడు. వేమన దాకా ఎందుకు, మీ పర్లాకిమిడి ప్రాంతంలో పుట్టిన క్రైస్తవ కీర్తనకారుడు పురుషోత్తము చౌదరి లేడూ? బ్రాహ్మణ కుటుంబంలో, నిష్ఠల మధ్య పెరిగిన మనిషి "త్రాహిమాం క్రీస్తునాథ" అని ఎత్తుకున్నాడు. నన్ను కాపాడు, అంతే. నేనిన్ని చేశాను కదా అని పల్లవిలో ఒక్క ముక్క లేదు. "దేహి యనుచు నీ పాదములే దిక్కుగా" దగ్గరికి వచ్చేసరికి నాకు గొంతు పట్టేస్తుంది. మన భాషలో ఆయన పక్కన నిలబడే కీర్తనకారుడు నాకు కనబడలేదు.

బరంపురం మాస్టారు:
ఆ పాదాలను "దిక్కుగా" చేరాడు కదా! అక్కడా "గా" ఉంది. పాదాలు మారలేదు, ఆయన వాటిని అలా నమ్ముకున్నాడు. మీ కవే నా తరఫు సాక్షి.

రాయగడ నుంచి:
అది చేరడంతో జత కలిసిన "గా", తీర్చడంతో కలిసినది కాదు. రెంటినీ ఒక గాటన కట్టకండి.

జయపురం నుంచి:
లూకా సువార్త 18 తియ్యండి, దేవాలయంలో ప్రార్థించిన ఇద్దరి కథ. నియమనిష్ఠల పరిసయ్యుడు వారానికి రెండు మార్లు ఉపవాసం అన్నాడు, పదియవ వంతు అన్నాడు. పన్నులు వసూలు చేసే సుంకరి "పాపినైన నన్ను కరుణించుము" అని ఊరుకున్నాడు. "ఇతడు నీతిమంతుడుగా తీర్చబడి తన యింటికి వెళ్లెను." తీర్చబడి వెళ్లాడు. దేవాలయం మెట్లు దిగేలోపు తీర్చిదిద్దడం ఎలా కుదిరిందండీ?

రాయగడ నుంచి:
ఆ తర్వాతి అధ్యాయం చదవండమ్మా. జక్కయ్యా సుంకరే. ప్రభువు ఇంటికొస్తానన్నాక ఆస్తిలో సగం బీదలకిచ్చాడు. ఎవరూ నియమం పెట్టలేదు. అది మారడం కాదా?

బరంపురం మాస్టారు:
"ఇచ్చుచున్నాను" అన్నాడు, "ఇచ్చెదను" అనలేదు. నాలుగంతల దగ్గరేమో "చెల్లింతును". అంటే సగం ఇవ్వడం ముందు నుంచే ఉన్న అలవాటా, అప్పటికప్పుడు చేసుకున్న నిర్ణయమా? గ్రీకులో రెండూ వర్తమానమే. రాయగడవారు ముందు ఇది చెప్పాలి.