మోడల్ జెట్ గొట్టాన్ని ‘బిగించాలా’, ‘అమర్చాలా’?

అందరికీ నమస్కారం. రేడియోతో ఎగరేసే మోడల్ జెట్ విమానాలు కట్టే కుర్రాళ్ల కోసం తెలుగులో చిన్న సూచనపత్రం రాస్తున్నాను. టర్బైన్ ఇంజన్ వెనక నుంచి తోక దాకా వేడి వాయువును తీసుకెళ్లే స్టీలు గొట్టం ఉంటుంది కదా, థ్రస్ట్ ట్యూబ్ అనీ టెయిల్ పైప్ అనీ అంటారు, అక్కడికొచ్చి ఆగిపోయాను. ఆ గొట్టానికి ఏ పేరు పెట్టినా పని నడుస్తుంది. దాన్ని విమానంలో పెట్టే పనికి వాడే క్రియ తప్పితే మాత్రం విమానమే పాడవుతుంది. అందుకే అడుగుతున్నాను.

ఈ బుల్లి టర్బైన్లు కిరసనాయిలుతో నడుస్తాయి, అందులో కాస్త టర్బైన్ ఆయిల్ కలుపుతారు. రోటర్ నిమిషానికి 1,00,000 చుట్లు దాటి తిరుగుతుంది. వెలువడే వాయువు వేడి 600 డిగ్రీల సెల్సియస్ పైమాటే. చుట్టూ ఉన్నదేమో ప్లైవుడ్, ఫైబర్‌గ్లాస్. ఈ రెంటికీ మధ్య అడ్డు ఈ గొట్టమే. చాలావాటికి రెండు పొరలుంటాయి: లోపల పలచని స్టెయిన్‌లెస్ స్టీలు, బయట మరో గొట్టం, నడుమ గాలి.

మనం ఫ్యాను బిగిస్తాం, కుళాయి బిగిస్తాం. అదే అలవాటుగా ‘గొట్టం బిగించండి’ అని రాశాననుకోండి, చదివినవాడు రెండు చివరలా స్క్రూలు వేసి కదలకుండా చేస్తాడు. స్టీలు వేడికి సాగుతుంది. 60 సెంటీమీటర్ల గొట్టం 500 డిగ్రీలు వేడెక్కితే దాదాపు 5 మిల్లీమీటర్లు పొడుగవుతుంది. రెండు కొసలూ పట్టేసి ఉంటే ఆ 5 మిల్లీమీటర్లు ఎటు పోవాలి? గొట్టం వంకర పోతుంది, లేదా ఫ్రేము అతుకు ఊడుతుంది. మరి ఏ మాట వాడమంటారు?

— ‘అమర్చు’ వాడండి సార్. ‘అమరు’ నుంచి వచ్చింది. చొక్కా ఒంటికి అమరింది అంటాం, అందులో చోటుకి సరిపోవడం ఉంది గానీ గట్టిగా పట్టేయడం లేదు. మీరు చెప్పిన పనిలో ఇంజన్ నోరూ (వాయువు వెలువడే వెనక కొస) గొట్టం మధ్యభాగమూ ఒకే వరసలో ఉండాలి కదా. ఆ సంగతి కూడా ‘అమర్చు’లో వచ్చేస్తుంది.

— నాకు ‘అమర్చు’ చాలదనిపిస్తోంది. మొత్తం పనికి శీర్షికగా బాగుంటుంది గానీ, చేతిలో స్క్రూడ్రైవర్ పట్టుకున్నవాడికి ఏ కొసన ఏం చేయాలో చెప్పదు. తోక వైపుకి ‘దోపు’ ఎలా ఉంటుంది? జడలో పువ్వు దోపుతాం, ముడి వేయం.

— దోపడంలో కొంచెం బిగువు ఉందండీ, లేకపోతే పువ్వు జారిపోతుంది. తోక చివర గొట్టం వదులుగా కూర్చోవాలంటే ‘ఆనించు’ మేలు.

‘ఆనించు’ నాకు నచ్చింది. ముందు కొసకి ‘బిగించు’, వెనక కొసకి ‘ఆనించు’, మొత్తం పనికి ‘అమర్చు’. ఇంగ్లిషులో ఇన్‌స్టాల్ అనే ఒక్క మాటతో సరిపెట్టేదాన్ని మన క్రియలు విడివిడిగా చెబుతాయి, వాటిని కలిపేయకూడదు.

ఇంకొక చిక్కు. గొట్టం ముందు భాగం బాకా మూతిలా విచ్చుకుని ఉంటుంది. గరాటు అంటే ఏటవాలు పక్కలు గుర్తొస్తాయి, ఇది గుండ్రంగా ఒంపు తిరుగుతుంది కాబట్టి ‘బాకా మూతి’ అనే రాస్తున్నాను. ఇంజన్ నోటికీ ఆ మూతికీ మధ్య కొంత జాగా వదలాలి. వేడి వాయువు దూసుకుపోతూ అక్కడి నుంచి చుట్టుపక్కల గాలిని లోపలికి లాక్కుపోతుంది, దానివల్ల ఇంజన్ చుట్టూ, గొట్టం గోడల వెంట చల్లగాలి పారుతుంది. దీన్ని ‘సందు’ అని రాయాలా?

— వద్దు. సందు కనబడితే మనవాళ్లు పూడ్చేస్తారు! ‘ఎడం’ అనండి. ‘ఎడం ఉంచండి’ అంటే కావాలనే వదిలారని తెలుస్తుంది.

నిజం, ‘ఎడం’ ఖాయం.

— పేరు సంగతి తేల్చలేదు. ‘పొగగొట్టం’ ఉండగా వెతుకులాట ఎందుకు?

సరిగ్గా నడుస్తున్న టర్బైన్ నుంచి పొగ కనబడదండీ. స్టార్ట్ అయ్యేటప్పుడో ఆగిన తర్వాతో కాస్త తెల్లగా వస్తుంది. పొగగొట్టం అని పేరు పెడితే పొగ రావడం మామూలే అనుకుంటారు. జర్మన్ వాళ్లు దీన్ని ‘షూబ్‌రోర్’ అంటారు, అంటే తోసే గొట్టం. ‘తోపుగొట్టం’ అందామా అనుకున్నాను.

— పిల్లలు ‘తోపు’ అంటే ఇంకో అర్థంలో వాడుతున్నారు గానీ, గొట్టంతో కలిసినప్పుడు ఇబ్బంది లేదు. ‘ఊదుగొట్టం’ మాత్రం వద్దు, అది నిప్పులోకి గాలి ఊదేది, ఇది నిప్పు నుంచి బయటికి తెచ్చేది.

సరే, ఇప్పటికి రాసింది ఇదీ:

“తోపుగొట్టం అమర్చడం: బాకా మూతికీ ఇంజన్‌కీ మధ్య తయారీదారు చెప్పినంత ఎడం ఉంచండి. వెనక నుంచి చూస్తే ఇంజన్ నోరు గొట్టానికి సరిగ్గా నడిమధ్యన కనబడాలి. ముందు కొసను ఫ్రేముకి బిగించండి. వెనక కొసను తోక దగ్గరున్న రింగు మీద ఆనించండి, స్క్రూ వేయకండి. చేత్తో కదిపితే వెనక కొస ముందుకూ వెనక్కీ జారాలి.”

— ‘వేయకండి’ పక్కన ‘జిగురు పెట్టకండి’ కూడా చేర్చండి. స్క్రూ వద్దంటే జిగురు పూసేవాళ్లుంటారు.

చేర్చాను.