అప్‌డేట్: కేసుల వివరాలు ఇవ్వనన్న సంస్థ సంగతి

గృహహింస, లైంగిక హింస బాధితులకు అండగా ఉండే చిన్న సంస్థలకు మా ద్వారా నిధులు వెళ్తాయని, వాటిలో ఒకటి దాత అడిగిన పట్టికలో బాధితుల పేర్లు నింపనంటోందని, ఏం చేయాలని ఇంతకుముందు ఇక్కడ అడిగాను. చాలామంది నిధులు ఆపమన్నారు. ఆపలేదు.

వెళ్లి వాళ్ల రిజిస్టరు చూశాను. పేరుండాల్సిన గడిలో కేసు నంబరు. పేర్లున్న పుస్తకం వేరే బీరువాలో, తాళంచెవి కౌన్సెలర్ దగ్గర. అత్యాచార బాధితురాలి గుర్తింపును ప్రచురించడం భారతీయ న్యాయ సంహిత 72వ సెక్షన్ కింద నేరం. దాతకు పంపే నివేదిక ప్రచురణ కాదు, నిజమే. కానీ ఈమెయిల్‌లో వెళ్లిన పట్టిక ఎన్ని చేతులు మారుతుందో ఎవరు చూడొచ్చారు?

దాతతో మాట్లాడి పేరు, ఊరు గడులు తీయించాను. బదులుగా రెండే అడుగుతున్నాం: రక్షణాధికారి (గృహహింస చట్టం కింద ప్రభుత్వం నియమించే అధికారి) గృహహింస ఘటన నివేదిక నమోదు చేశారా? సఖి కేంద్రంలో (హింసకు గురైన మహిళలకు ప్రభుత్వం నడిపే సహాయ కేంద్రం) బస సాధారణంగా 5 రోజులే కాబట్టి, ఆ తర్వాత ఆమె ఎక్కడికి వెళ్లింది? రెండో గడి చాలా సంస్థల దగ్గర ఖాళీగా వస్తోంది.

ఇక నా అనుమానమంతా నెలనెలా ఠంచనుగా, ఒక్క కొట్టివేతా లేకుండా, దాదాపు అవే అంకెలు పంపే మరో సంస్థ మీద. వచ్చే వారం అక్కడికే.