అరవై దాటినవాళ్లకు పాలసీలు అమ్మేవాళ్లకు వేరే శిక్షణ ఉండాలా?

మారతహళ్లి మనిషి: మా పెద్దమ్మకి 72. ఎఫ్‌డీ రెన్యూ చేయిద్దామని జయనగర్‌లో ఒక బ్యాంకు బ్రాంచికి వెళ్లి, యులిప్ (కొంత సొమ్ము మార్కెట్‌లో పెట్టే బీమా పాలసీ) కాగితాలతో తిరిగొచ్చింది. ‘ఒక్కసారి కడితే చాలమ్మా’ అన్నాడట అక్కడి ఉద్యోగి. పాలసీ బాండ్‌లో చూస్తే ఏటా కట్టాలి. బెంగళూరులో తెలుగులో మాట్లాడేసరికి మనవాడే అనుకుంది. కాగితం మాత్రం ఇంగ్లిష్! అతనూ పరీక్ష పాసై వచ్చినవాడేగా, ఏం నేర్చుకున్నట్టు? పెద్దవాళ్లకు అమ్మేవాళ్లకు వేరే శిక్షణ పెట్టాలి. కొడుకో కూతురో పక్కన లేకుండా సంతకం తీసుకోకూడదు.

పాత ఏజెంట్: అది తెలియక చేసింది కాదు బాబూ, నెలాఖరు టార్గెట్. ఎఫ్‌డీ రెన్యూ చేస్తే అతని లెక్కలో ఏం పడుతుంది? శిక్షణ ఇస్తే ఇంకా తియ్యగా మాట్లాడతాడు, అంతే. బాండ్ చేతికొచ్చి 30 రోజులు దాటలేదుగా? ఫ్రీ లుక్ కింద వెనక్కిచ్చేయొచ్చు. ముందు ఆ పని చూడు, చర్చ ఎక్కడికీ పోదు. పెద్దమ్మ తెలుగులో సంతకం చేసి ఉంటే, ఆమెకు అర్థమయ్యే భాషలో వివరించామని ప్రపోజల్ ఫారంలో డిక్లరేషన్ ఉంటుంది. దాని కింద సంతకం ఎవరిదో చూడు.

బసవనగుడి తాత: నాకు 74. నా డబ్బుకి నా సంతకం చాలదా? మా అపార్ట్‌మెంట్‌లో ఒకాయన సీనియర్ సిటిజన్స్ సేవింగ్స్ స్కీమ్‌లో వేద్దామనుకున్న సొమ్మును ఫ్లాట్ అడ్వాన్సుకని కొడుకే పట్టుకుపోయాడు. పక్కన కూర్చోబెట్టమంటున్నది ఇలాంటివాణ్ణేనా? అన్నట్టు, ఆ స్కీమ్‌లో 30 లక్షల దాకా వేసుకోవచ్చు. ఇన్నేళ్లలో ఒక్క సలహాదారూ నా దగ్గర దాని పేరెత్తలేదు. నాకు కావలసింది కాపలా కాదు నాయనా. కాగితాలు ఇంటికిచ్చి, ‘చదువుకోండి, నాలుగు రోజులాగి వస్తాను’ అనేవాడు కావాలి.

ఫీజు పక్షం: మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2013 నిబంధనల కింద నమోదైన ఇన్వెస్ట్‌మెంట్ అడ్వైజర్లున్నారు కదా. సలహాకు ఫీజు తీసుకున్న క్లయింటుకే కమిషన్ మీద అమ్మడం వాళ్లకు కుదరదు.

పాత ఏజెంట్: మాటకు ఫీజంటే మనవాళ్లు ఇస్తారా సార్? ఆ ‘ఉచిత సలహా’ మోజే మా పొట్ట నింపుతోంది.

మారతహళ్లి మనిషి: తాతగారూ, కొడుకు పక్కన ఉండాలన్న మాట వెనక్కి తీసుకుంటున్నా. బాండ్ వచ్చి 18 రోజులే, రేపు ఉత్తరం ఇచ్చేస్తాం. డిక్లరేషన్ కింద సంతకం పక్క టేబుల్ అతనిదట, పెద్దమ్మతో అతను ఒక్క ముక్కా మాట్లాడలేదు. ఈవిడేమో ‘పాపం, ఆ అబ్బాయి ఉద్యోగం పోతుందేమోరా’ అంటోంది.