ఫెస్ట్ పనులు, ప్లేస్‌మెంట్స్, గేట్, పైగా రోజుకు మూడు గంటల బస్సు: ఏది వదలాలి?

బస్సులో_బీటెక్ అడిగిన ప్రశ్న:

అందరికీ నమస్తే. బీటెక్ థర్డ్ ఇయర్, ఈసీఈ. ఇల్లు కూకట్‌పల్లి, కాలేజీ ఇబ్రహీంపట్నం దాటాక, అంటే ఊరికి ఈ కొస నుంచి ఆ కొసకి. పొద్దున 6:40కి కాలేజీ బస్సెక్కితే మళ్లీ ఇంట్లో అడుగుపెట్టేసరికి ఆరు దాటుతుంది. ఫస్ట్ ఇయర్‌లో ఎన్‌ఎస్‌ఎస్‌లో చేరా, ఇంకా అందులోనే ఉన్నా. ఈ ఏడాది టెక్ ఫెస్ట్‌కి కోఆర్డినేటర్‌ని చేశారు. స్పాన్సర్లకి లెటర్లు, హెచ్‌ఓడీ సంతకాలు, రిజిస్ట్రేషన్లు అన్నీ నా మీదే. వీటికి తోడు మిడ్స్, ల్యాబ్ రికార్డులు, సీఆర్‌టీ (ప్లేస్‌మెంట్స్ కోసం కాలేజీలో ఇచ్చే ట్రైనింగ్) క్లాసులు. నాన్నకేమో గేట్ (ఎంటెక్‌కి రాసే ఎంట్రన్స్) రాసి పీఎస్‌యూలో, అంటే ప్రభుత్వ రంగ సంస్థలో, చేరితే చాలని ఉంది.

పోయిన వారం సీఆర్‌టీలో ఆప్టిట్యూడ్ టెస్ట్ పెడితే 40కి 11 వచ్చాయి. అదే సాయంత్రం ఫ్లెక్సీ షాపతను ఫోన్ చేసి ఒకసారి వచ్చి చూసుకోమన్నాడు. వెళ్లి చూస్తే చీఫ్ గెస్ట్ పేరులో ఒత్తు ఎగిరిపోయింది. సరిచేయించి, మళ్లీ ప్రింట్ అయ్యేదాకా ఆ మెషీన్ పక్కనే రాత్రి తొమ్మిది వరకు నిలబడ్డా. అమ్మాయిని కదా, ఇంటి నుంచి ఫోన్లు ఆగలేదు. ఆ సిరా వాసన పీలుస్తూ నాకొచ్చిన ఆలోచన ఒకటే, ఈ టైమ్‌కి క్లాసులో మిగతావాళ్లంతా కోడింగ్ చేసుకుంటుంటారు కదా అని.

ఫెస్ట్‌కి ఇంకా ఆరు వారాలుంది. మధ్యలో వదిలేస్తే బాగోదు, వదలకపోతే నేను మునుగుతా. ఏం చేయమంటారు? గేట్, ప్లేస్‌మెంట్స్ రెండూ కలిపి నడిపినవాళ్లు ఎవరైనా ఉన్నారా?

పాసవుట్_ఈసీఈ:

చెల్లెమ్మా, నీకు 11 వచ్చింది ఫెస్ట్ వల్ల కాదు. నేనూ ఈసీఈనే, ఇప్పుడు సాఫ్ట్‌వేర్‌లో ఉన్నా. థర్డ్ ఇయర్ మొదట్లోనే ప్రిపరేషన్ అంటూ క్లబ్బులన్నీ వదిలేశా, అలా మిగిలిన సాయంత్రాలన్నీ ఏమయ్యాయంటే మంచం మీద పడుకుని రీల్స్ చూశా, అంతే. కాబట్టి వదిలేస్తే చాలు, చదువు దానంతటదే వస్తుందని మాత్రం అనుకోకు.

ముందు బస్సు సంగతి. బస్సులో వీడియో క్లాసులు వింటానంటే నిద్రయినా పడుతుంది, తలైనా తిరుగుతుంది, నాకు రెండూ అయ్యాయి. నాకు పనికొచ్చింది జేబులో పట్టే చిన్న నోట్‌బుక్. ముందురోజు రాత్రి పది ఆప్టిట్యూడ్ ప్రశ్నలు జవాబుల్లేకుండా ఎక్కించుకునేవాణ్ణి, పొద్దున సీటు దొరకగానే వాటి మీద పడేవాణ్ణి. పర్సెంటేజీలు, నిష్పత్తులతో మొదలుపెట్టు. లాభనష్టాలు, వడ్డీలు, టేబుళ్లు చూసి లెక్కగట్టే ప్రశ్నలు అన్నీ వాటి మీదే నిలబడతాయి, అవి రాకుండా మిగతావి పట్టుకుంటే బట్టీయే గతి. టైమ్ అండ్ వర్క్‌లో భిన్నాలు రాసుకుంటూ కూర్చోకు. ఎ ఒక పని 12 రోజుల్లో, బి 18 రోజుల్లో చేస్తే మొత్తం పని 36 యూనిట్లనుకో (12తోనూ 18తోనూ తెగే సంఖ్య), రోజుకి ఎ 3, బి 2, కలిసి 5. 36ని 5తో భాగిస్తే 7.2 రోజులు. బస్సు కుదుపుల్లో కూడా నోటితో అయిపోతుంది.

ఇక ఫెస్ట్. అందులో నీ చేతిలో ఉన్న మంచి పని రిజిస్ట్రేషన్లు, అది మాత్రం ఎవరికీ ఇవ్వకు. మా ఫెస్ట్‌కి (అప్పటికి క్లబ్బులో ఉన్నాలే) గూగుల్ షీట్‌లో ఎంట్రీలు వస్తే ఒకే పిల్లాడు మూడుసార్లు, ఒకసారి ఇంటిపేరుతో, ఒకసారి లేకుండా, ఇంకోసారి రోల్ నంబర్ తప్పుతో. ఇంటర్వ్యూలో ఫెస్ట్‌లో ఏం చేశావని అడిగితే ఈ గొడవే చెప్పా. ఆయన నవ్వి, సరే, అదే టేబుల్‌గా ఇస్తే డూప్లికేట్లు ఎలా పడతావు, ఎస్‌క్యూఎల్‌లో (డేటాబేస్‌లో వెతికే భాష) రాయి అన్నాడు. రోల్ నంబర్ మీద గ్రూప్ బై, హ్యావింగ్ కౌంట్ ఒకటి కంటే ఎక్కువ, అంటే ఒకటికి మించి వచ్చిన నంబర్లన్నీ బయటపడతాయి. రాశాక మళ్లీ అడిగాడు, మరి రోల్ నంబరే తప్పు కొట్టినవాణ్ణి ఎలా పడతావని. మెయిల్ ఐడీతో, ఫోన్ నంబర్‌తో అన్నా. పావుగంట దాని మీదే నడిచింది. రెజ్యూమెలో ఉత్త 'కోఆర్డినేటర్' అని రాసుకుంటే ఎవరూ పట్టించుకోరు, సంతకాల కోసం తిరిగిన కథ చెప్పినా అంతే.

స్పాన్సర్ లెటర్లు, ఫ్లెక్సీలు సెకండియర్ వాళ్లకిచ్చెయ్. వచ్చే ఏడాది ఎలాగూ వాళ్లే చేయాలి కదా.

నెట్‌వర్క్స్_అంటే_ఇష్టం:

గేట్ గురించి నేను చెప్తా, రాశాను కాబట్టి. 3 గంటలు, 65 ప్రశ్నలు, 100 మార్కులు. అందులో ఆప్టిట్యూడ్ 15. ఇంజినీరింగ్ మ్యాథ్స్ మన ఈసీ పేపర్లో సుమారు 13. పైన అన్న చెప్పిన బస్సు లెక్కలు ఆ పదిహేనుకీ పనికొస్తాయి. మిగతాదంతా కోర్, అంటే నెట్‌వర్క్స్, సిగ్నల్స్, ఎలక్ట్రానిక్ డివైసెస్, అనలాగ్, డిజిటల్, కంట్రోల్, కమ్యూనికేషన్స్, ఎలక్ట్రోమాగ్నెటిక్స్. చాలావరకు నీ సెమిస్టర్లో ఉన్నవే కదా. మిడ్‌కి ముందు ఆ యూనిట్ మీద గేట్ పాత ప్రశ్నలు ఓ పది చేస్తే చాలు, మిడ్ కూడా దాంట్లోనే అయిపోతుంది. ఎన్‌పీటీఈఎల్‌లో (ఐఐటీల వాళ్ల ఆన్‌లైన్ కోర్సులు) పాఠాలు ఫ్రీ, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు.

థర్డ్ ఇయర్‌లో ఉన్నవాళ్లూ రాయొచ్చు, స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ట్రయల్‌గా ఒకసారి రాసి చూడు, హాల్లో కూర్చుంటేగానీ తెలియదు. తప్పు రాస్తే మార్కులు పోయేది మామూలు మల్టిపుల్ ఛాయిస్‌కే, సంఖ్య టైప్ చేసే ప్రశ్నలకీ ఒకటికి మించి జవాబులుండే ప్రశ్నలకీ నెగెటివ్ లేదు. నేను మొదటిసారి ఇది తెలియక భయపడి ఎన్ని ఖాళీగా వదిలేశానో!

కానీ మీ నాన్నగారితో మాట్లాడు. గేట్ ద్వారా తీసుకునే పీఎస్‌యూల్లో అన్నీ ప్రతి ఏడాదీ ప్రతి బ్రాంచికీ పోస్టులు వేయవు, ర్యాంకు కూడా బాగా పైన ఉండాలి. ఎంటెక్ మీద నీకు ఆసక్తి ఉంటే అది వేరే మాట. ఆయన కోసమని ఓ కాలు ఇటు, ఓ కాలు అటు పెట్టి రెండేళ్లు ఈడిస్తే రెండూ సగం సగమే అవుతాయి.

రెండు_సప్లీల_రాణి:

నేను వీళ్లతో ఒప్పుకోను. ఫెస్ట్ వదిలెయ్. నేను డ్యాన్స్ టీమ్‌లో ఉండి ప్రాక్టీసని క్లాసులు ఎగ్గొట్టా, ఓడీ లెటర్ (కాలేజీ పని మీద ఉన్నామని అటెండెన్స్ వేయించే లెటర్) ఇస్తామన్నవాళ్లు చివరికి ఇవ్వలేదు, అటెండెన్స్ 75కి బాగా కిందకి పోయింది. 65 దాటి ఉండబట్టి కండొనేషన్ (తగ్గిన అటెండెన్స్‌ని మన్నించడానికి ఫీజు) కట్టి బయటపడ్డా, లేకపోతే డిటెన్షనే, అంటే ఆ సెమిస్టర్ మళ్లీ చదవడమే. రెండు సప్లీలు పడ్డాయి. మా కాలేజీకి వచ్చిన కంపెనీల్లో చాలావాటికి 60 శాతం ఉండాలి, పెండింగ్ సప్లీ ఒక్కటి కూడా ఉండకూడదు. నా ఫ్రెండ్స్ ఫార్మల్స్ వేసుకుని సెమినార్ హాల్లోకి వెళ్తుంటే నేను క్యాంటీన్లో కూర్చుని సమోసా తిన్నా. ఇంటర్వ్యూలో చెప్పుకోడానికి కథలు నా దగ్గర బోలెడు, ఇంటర్వ్యూ దాకా వెళ్తే కదా!

ముందు నీ అటెండెన్స్ ఎంతో, సప్లీలు ఏమన్నా ఉన్నాయో చెప్పు. అది తెలియకుండా ఎవరు సలహా ఇచ్చినా దండగ.

బస్సులో_బీటెక్:

అక్కా, సప్లీలు లేవు, అటెండెన్స్ 78. కానీ ఓడీ లెటర్ల మాట విన్నాక భయమేసి ఇవాళే లెక్క చూశా, ఫెస్ట్ పేరుతో పోయిన క్లాసులు 19, అందులో లెటర్ చేతికొచ్చింది ఆరింటికే. మిగతావి రేపు అడుగుతా. నోట్‌బుక్ మొదలుపెట్టా అన్నా, పదిలో నాలుగు వచ్చాయి.

క్యాంపస్_హాస్టల్_పీజీ:

నాది ఇంజినీరింగ్ కాదు, ఎంఏ చదువుతూ గ్రూప్-2కి ప్రిపేరవుతున్న. నాలుగు పేపర్లు, 600 మార్కులు. మా బాధ బస్సు కాదు, తలుపు. హాస్టల్ రూమ్ తలుపు తెరిచి ఉంటే ఎవడో ఒకడు ఛాయ్‌కి రమ్మంటడు, గంట పోతది. అందుకే పొద్దున టిఫిన్ కాంగనే లైబ్రరీకి పోత, సాయంత్రం మీటింగ్ ఉన్నా క్రికెట్ ఉన్నా పోత, దానికి బాధపడ.

నీదొక్కటే అడుగుత చెల్లె. ఎన్‌ఎస్‌ఎస్ ఎందుకు ఇంకా? అది ఏడాదికి 120 గంటల లెక్కన రెండేండ్లు, 240 గంటలు, ఒక ఏడు రోజుల క్యాంపు. ఫస్ట్ ఇయర్‌లో చేరినవంటే నీది ఎప్పుడో అయిపోయి ఉండాలె. సర్టిఫికెట్ తీసుకున్నవా?

బస్సులో_బీటెక్:

తీసుకోలేదు అన్నా! అడగాలని కూడా తట్టలేదు, వాట్సాప్ గ్రూప్‌లో పిలుస్తుంటే ప్రతి ఆదివారం వెళ్తూనే ఉన్నా. క్యాంపు కూడా పోయిన డిసెంబర్‌లోనే అయిపోయింది. సోమవారం ప్రోగ్రాం ఆఫీసర్ సార్‌ని కలుస్తా.

ఫెస్ట్‌లో రిజిస్ట్రేషన్లు మాత్రం ఉంచుకుంటున్నా, స్పాన్సర్లు, ప్రింటింగ్ సెకండియర్ తమ్ముడికి అప్పజెప్పా. గేట్ విషయం నాన్నతో ఇంకా మాట్లాడలేదు, ధైర్యం రావాలి. ఇది టైప్ చేస్తుంటే ఫ్లెక్సీ షాపతను మళ్లీ ఫోన్ చేశాడు, పేరు సరిగ్గానే ఉందట, ఇప్పుడు తేదీ తప్పు పడిందట. తమ్ముడి నంబర్ ఇచ్చా.